ఆహ్వానమునకు నోచని జట్టు
(వార్షిక మహాసభ విద్యార్థివిభాగమున చేసిన ఉపన్యాసము)



ఈ విభాగమున నన్ను మాటలాడుమని కార్యదర్శులవారు కోరినపుడు విషయనిర్ణయమును నాకే విడిచిరి. చిరకాలము సంస్కృతాంధ్రములు బోధించి విశ్రాంతి గైకొన్నవాడను గాన, రఘువంశమును గూర్చియో భారతమును గూర్చియో చెప్పుదునని మీరు తలచియుందురు. నేడు నేను చెప్పబోవునది అమెరికాదేశమందలి యొక చిన్న కళాశాల ఫుట్‌బాలు జట్టు 1951వ సంవత్సరమున ఆడిన ఆటల కథ. పండితులకు ఫుట్‌బాలుతో నేమి పని యని వెనుక వరుసలో యువకులు కొందరు నవ్వుచున్నారు. నవ్వనిండు. ఈ మధ్యాహ్నము మన ముందునకు రానున్న క్రీడల నియమావళికిని ఈ కథకును సంబంధము కలదు గనుకనే దీనిని ఎన్నుకొంటిని.

మొదట ఆ యాటను గూర్చి కొంత చెప్పవలెను. మన పాఠశాలలలో ఫుట్‌బాలనగా కాలితో తన్ను గుండ్రని బంతి. అమెరికావారు ఆ పేరు పెట్టుకొన్న యాట వేరు. వారి బంతి రెండు కొనలయందును సాగియుండును. దానిని చంకలో నిరికించుకొని పరుగెత్తుదురు, చేతితో విసరుదురు. కాలితో తన్నుట మిక్కిలి యరుదు. ఇట్టి యాటకు ఆ పేరెట్లు తగునో పేరు పెట్టినవారికే తెలియవలెను. పక్షమునకు పదునొకండుగురు, రంగము నూరు గజములు. బంతి గల పక్షమువారు నాలుగు ప్రయత్నములలో పది గజములైనను ముందునకు సాగవలెను. సాగనిచో బంతి యెదిరిపక్షమునకు పోవును. కొననున్న గీతను బంతితో దాటినచో ఆరు అంకములు వచ్చును. పరుగెత్తువానిని ఎదిరివారు మీదబడి నేలగూల్తురు. కావున ఒకడు పరుగెత్తవలెనన్న తక్కినవారు తమ దేహములను అడ్డముపెట్టి వానికి త్రోవ చేయవలెను. పరుగెత్తినవానికి కీర్తి వచ్చును. త్రోవ చేసినవానికి గాయములు వచ్చును. ఈ సంగతిని మనసునందుంచుకొనుడు. ముందు జరిగిన దానికి ఇదియే మూలమని నా యభిప్రాయము.

శాన్‌ఫ్రాన్సిస్కో విశ్వవిద్యాలయము జెసూటు క్రైస్తవ గురువులు 1855లో స్థాపించిన విద్యాలయము. పేరునకు విశ్వవిద్యాలయమైనను, ఆ కాలమున కాలిఫోర్నియాలోని పెద్ద విద్యాపీఠముల యెదుట అది చిన్న కళాశాలయే. తనదని చెప్పుకొనుటకు గొప్ప క్రీడారంగమైనను లేక, నగరపాలకుల కీజార్ స్టేడియములో ఆడుచుండెను. ఆ జట్టును డాన్స్ అని పిలిచెడివారు. శిక్షకుడు జో కుహారిచ్, కఠినుడు. ఆటకాలమునకు ముందు జట్టును కార్నింగ్ అను ఊరికి కొనిపోయి మండుటెండలో సాధన చేయించెనట. కళాశాల క్రీడావార్తలను పత్రికలకు పంపు ఉద్యోగి పీట్ రోజెల్ అను యువకుడు. ఇతడే తరువాత 1960 మొదలు 1989 వరకు అమెరికా వృత్తిఫుట్‌బాలు సంఘమునకు అధినేతయై విఖ్యాతి గాంచెను.

జట్టులో యెవరెవరుండిరో చూడుడు. జీనో మార్కెట్టి ఇటలీనుండి వలసవచ్చిన తలిదండ్రులకు పుట్టినవాడు. రెండవ ప్రపంచయుద్ధమున సైనికుడై బల్జ్ యుద్ధములో పోరాడి తిరిగివచ్చి విద్యార్థియైనవాడు. బాబ్ సెయింట్ క్లేర్ ఆరడుగుల తొమ్మిదంగుళముల పొడవరి. బంతిని విసరువాడు ఎడ్ బ్రౌన్. వీరందరు తెల్లజాతివారు. జట్టు మొత్తములో నల్లజాతివారు ఇరువురే. ఒకడు టెక్సాసులో పుట్టిన ఆలీ మాట్సన్. రెండవవాడు మెంఫిసులో పుట్టిన బర్ల్ టోలర్. ఈ యిరువురును మొదట ఆ నగరమందే సిటీ కాలేజిలో కలసి ఆడి, పిమ్మట ఇచ్చటికి వచ్చిరి.

1951లో ఆ జట్టు తొమ్మిది ఆటలాడెను, తొమ్మిదింటను గెలిచెను. ఒక్కటియైనను సమముగా ముగియలేదు. ఆటలన్నిటిని వర్ణించి మిమ్ము విసిగింపను, రెండు మూడు చెప్పెదను. న్యూయార్కు నగరమునకు పోయి ఫోర్డమ్ కళాశాలతో ఆడినది వానిలో మిక్కిలి బిగువైనది. తూర్పుతీరపు పత్రికలవారు పడమటి కళాశాలలను లక్ష్యపెట్టని కాలమది. వారి కన్నుల యెదుట గెలిచిననే పేరు. ఎదిరివారు తన్నిన బంతిని పట్టుకొని మాట్సన్ రెండుమారులు రంగమంతయు పరుగెత్తి గీత దాటెను. ఆట 32కు 26తో డాన్సులదయ్యెను. ఆ తరువాత స్టాక్టన్‌లో కాలేజ్ ఆఫ్ ది పసిఫిక్ వారిని 47కు 14తో చిత్తుచేసిరి. ఈ పసిఫిక్ కళాశాల పేరు మరల వచ్చును. కడపటి యాట నవంబరు 24న పాసడీనాలోని రోజ్ బౌల్ రంగమున లయోలా కళాశాలతో జరిగెను; 20కి 2తో గెలిచిరి.

ఆ యేట మాట్సన్ బంతితో పరుగెత్తిన దూరము 1,566 గజములు. దేశమందలి కళాశాలల యాటగాండ్రలో అదియే అధికతమము. గీత దాటినది 21 సారులు. బంతి తమ చేత లేనపుడు కాపుదలయందును అతడే నిలుచుచుండెను. తొమ్మిది ఆటలకు పంచి చూచినచో ఆటకు 174 గజములు వచ్చును. ఇంత దూరము ఒంటరిగా నెవడును పరుగెత్తలేడు. ప్రతి గజమునకు ముందు మార్కెట్టియో సెయింట్ క్లేరో మరియొకడో ఎదిరివానిపై బడియుండవలెను. టెక్సాసులో ఒకే పాఠశాలయందు కూర్చుండుటకు గాని, ఒకే ఫలహారశాలలో తినుటకు గాని అప్పటి శాసనమును ఆచారమును ఒప్పని జాతివానికై, ఈ తెల్లవారు తమ యెముకలను అడ్డుపెట్టుచుండిరి. వారు దానిని సంస్కారమని తలచలేదు. ఆట అని తలచిరి.

ఇక అసలు కథ. అమెరికాలో కళాశాలల యాటకాలము ముగిసిన పిమ్మట, నూతనసంవత్సర దినమునకు కొంచెము ఇటునటుగా, కొన్ని నగరములవారు శ్రేష్ఠమైన జట్లను పిలిచి ఆడింతురు. వీనిని బౌల్ ఆటలందురు. ఆరెంజ్ బౌల్ మయామిలో, షుగర్ బౌల్ న్యూ ఆర్లియన్సులో, గేటర్ బౌల్ జాక్సన్‌విల్‌లో జరుగును. మూడును దక్షిణరాష్ట్రములే. పిలుపు వచ్చిన కళాశాలకు గౌరవమే కాదు, విశేషధనమును వచ్చును. డాన్సుల కళాశాలకు ఆ ధనము ప్రాణావసరము. ఫుట్‌బాలునకై చేయు వ్యయమువలన ఏటేట నష్టమే మిగులుచుండెను. ఆ యేట పత్రికల పట్టికలో వారు దేశమంతటిలో 14వ స్థానమున నిలిచిరి. పిలుపు వచ్చునని యెదురుచూచిరి.

పిలుపు రాలేదు. ఆహ్వానసంఘములవారు బహిరంగముగ చెప్పిన కారణము, వీరు బలహీనులైన ప్రత్యర్థులతో ఆడిరనుట. లోపల చెప్పుకొన్నది వేరు. నల్లజాతివారు గల జట్టును దక్షిణపు బౌల్ ఆటలకు పిలువరనియు, ఆ యిరువురిని ఇంటివద్ద విడిచివచ్చినచో పిలుపు దొరకుననియు జట్టువారికి తెలియవచ్చెను. ఏ సంఘము ఏ మాటలతో ఈ నిబంధనను పంపెనో చూపు పత్రమును నేను చూడలేదు. ఇట్టివి పత్రములమీద వ్రాయబడుట తక్కువ. అది మన దేశమందును మన మెరిగిన సంగతియే. జట్టువారు మాత్రము తమ జీవితాంతము ఒకే తీరుగ చెప్పిరి: శిక్షకుడు సంగతి తెలిపెను, ఆ యిరువురు లేక మేము పోము అని తక్కినవారు చెప్పిరి, దానిపై వాదమైనను జరుగలేదు.

ఇచ్చట నాకు వ్యాసభగవానుని రచన జ్ఞప్తికి వచ్చినచో మన్నింపుడు, అలవాటు మానరాదు. ధర్మరాజు స్వర్గద్వారమున కుక్కను విడువనన్న కథ అందరెరుగుదురు, చిన్నపిల్లలు కూడ చెప్పుదురు. నేననునది దానికి తరువాతిది. స్వర్గారోహణపర్వమున అతడు లోనికి పోయి చూడగా దుర్యోధనుడు సింహాసనమున నుండెను, తమ్ములు కనబడలేదు. వారున్న చోటునకే పోదునని బయలుదేరి, దుర్గంధమయమైన యా నరకమార్గమున వారి స్వరములు విని, ఇచ్చటనే యుందునని నిలిచిపోయెను. కుక్క కథలో పరీక్ష యని వెంటనే తెలియును, ఫలము వెంటనే చేతికి వచ్చును. ఈ రెండవ దానిలో అతనికి ఫలమును గూర్చిన యాస యేమియు లేదు. అందువలన నాకు రెండవదే పెద్దది. కాలిఫోర్నియా బాలురకు ఏ యింద్రుడును వచ్చి ఇది పరీక్ష యని చెప్పలేదు.

ఆ కాలము ఎట్టిదో తెలియుటకు మరియొక సంగతి. అదే 1951 అక్టోబరు 20న ఓక్లహోమా రాష్ట్రమందు డ్రేక్ కళాశాల నల్లజాతి యాటగాడు జానీ బ్రైట్‌ను, బంతి అతని చేత లేనపుడే, ఎదిరిపక్షమువాడొకడు ముఖముపై కొట్టి దవడ విరిచెను. ఆట మొదలై కొలది నిమిషములైనను కాలేదు. పత్రికాఛాయాగ్రాహకులు ఆ దెబ్బను వరుసగ చిత్రములు తీసిరి. ఆ చిత్రములకు 1952లో పులిట్జర్ బహుమానము వచ్చెను. ఆ కళాశాలవారి క్షమాపణ మాత్రము 2005లో వచ్చెను; అప్పటికి బ్రైట్ గతించి ఇరువదిరెండేండ్లు. అతడు కెనడాదేశమునకు పోయి అచ్చట గొప్ప యాటగాడై, పిమ్మట పాఠశాల ప్రధానోపాధ్యాయుడయ్యెను. మా వృత్తివాడు గాన ఈ చివరి మాటను విడువలేకపోతిని.

దక్షిణదేశమంతయు ఒకే తీరుగ నుండెనని తలచుటయు తప్పు. డాన్సులచేత 47కు 14తో ఓడిన పసిఫిక్ కళాశాలను టెక్సాసులోని ఎల్ పాసో నగరపు సన్ బౌల్ వారు పిలిచిరి. ఆ జట్టులోను ఒక నల్లజాతివాడు కలడు, అతనిని ఆడనిచ్చిరి. 1952 ఆరంభమున ఆట జరిగెను. టెక్సాస్ టెక్ వారు 25కు 14తో గెలిచిరి. రంగము కూలలేదు, ప్రేక్షకులు పారిపోలేదు. కావున తక్కిన నగరములవారు, మాకు చేతకాని పని, లోకులొప్పుకొనరు, అని చెప్పుటకు వీలులేదు. ఎల్ పాసోవారికి చేతనైనది వారికిని చేతనయ్యెడిదే. ఓడినవారికి పిలుపు, ఓడించినవారికి లేమి! ఈ న్యాయమును ఏ తర్కశాస్త్రమున చేర్తురో నాకు తెలియదు.

జట్టువారి మాటకు మూల్యమేమి? కొలదికాలములోనే కళాశాలవారు నష్టము భరింపలేమని ఆ స్థాయి ఫుట్‌బాలునే మానివేసిరి. ఓటమి యెరుగని జట్టు మరుసటి యేట లేనేలేదు. ఇంకను చదువు మిగిలియున్న సెయింట్ క్లేర్ టల్సా విశ్వవిద్యాలయమునకు పోయి ఆడవలసివచ్చెను. బౌల్ ధనము వచ్చియున్నచో జట్టు నిలిచెడిదని వారిలో పలువురు నమ్మిరి. నిలిచెడిదో లేదో నిశ్చయముగ చెప్పజాలము. ధనమువలన ఒక యేటి నష్టము తీరును గాని ఏటేటి నష్టము తీరునా? అయినను ఆ బాలురు, కాదన్న దినమున, తాము విడుచుచున్నది ఒక యాటను మాత్రమే కాదని యెరిగియుండిరనుట స్పష్టము. ఆ కళాశాలయే 1955, 1956 సంవత్సరములలో బిల్ రసెల్, కె.సి. జోన్స్ అను నల్లజాతి క్రీడాకారులతో బాస్కెట్‌బాలునందు దేశవిజేత యగుట వేరు కథ.

ఆటగాండ్రు మాత్రము చెడిపోలేదు. మాట్సన్ 1952లో హెల్సింకి ఒలింపిక్ క్రీడలలో 400 మీటర్ల పరుగున కాంస్యపతకమును, నలుగురు కలసి పరుగిడు పోటీలో రజతపతకమును గైకొని, పిమ్మట వృత్తిక్రీడలో ప్రవేశించెను. 1959లో అతనినొక్కని పొందుటకు లాస్ ఏంజెలెస్ జట్టువారు తొమ్మండుగురను ఇచ్చిరి. ఆ బేరము చేసినవాడు, అప్పటికి ఆ జట్టు నిర్వాహకుడుగానున్న పాతమిత్రుడు రోజెలే. మాట్సన్, మార్కెట్టి 1972లోను, సెయింట్ క్లేర్ 1990లోను వృత్తిఫుట్‌బాలు కీర్తిమందిరమున స్థానము పొందిరి. ఒకే కళాశాలయొక్క ఒకే యేటి జట్టునుండి ముగ్గురు చేరుట అపూర్వము.

నాకు వీరందరికంటె బర్ల్ టోలర్ చరిత్ర ప్రియమైనది. 1952లో కళాశాలల యుత్తమ యాటగాండ్రు వృత్తిజట్టుతో ఆడిన యాటలో అతని మోకాలు చెడెను. వృత్తిక్రీడలో ఒక్క దినమైనను ఆడక మునుపే ఆ త్రోవ మూసికొనిపోయెను. అతడు ఉపాధ్యాయుడయ్యెను. శాన్‌ఫ్రాన్సిస్కోలో బెంజమిన్ ఫ్రాంక్లిన్ పాఠశాలకు ప్రధానోపాధ్యాయుడై, ఆ నగరమున మాధ్యమిక విద్యాలయమునకు అట్టి పదవి నందిన మొదటి నల్లజాతివాడయ్యెను. ఆటను విడువలేక 1965లో న్యాయనిర్ణేతగా వృత్తిసంఘమున చేరెను. అచ్చటను ఆ జాతివారిలో మొదటివాడు. అప్పుడు సంఘాధినేత రోజెలే. 1980లో సూపర్ బౌల్ అను మహాక్రీడయందును నిర్ణేతయై నిలిచెను. దక్షిణనగరములు తమ గడ్డపై అడుగుపెట్టనీయని వాడు, ఈల పట్టుకొని తెల్లవారికిని నల్లవారికిని తప్పొప్పులు చెప్పుచు ఇరువదియైదు ఆటకాలములు గడపెను. 2009లో గతించెను. అతడు పనిచేసిన పాఠశాల ఆవరణమునకు అతడు బ్రతికియుండగనే 2006లో అతని పేరు పెట్టిరి. ఉపాధ్యాయునికి ఇంతకంటె గౌరవమును నేనెరుగను.

2006లోనే కళాశాలవారు జీవించియున్న జట్టువారికి గౌరవడాక్టరు పట్టములిచ్చిరి. 2008లో ఫియస్టా బౌల్ వారు ఆ జట్టును పిలిచి సమ్మానించిరి. ఏబదియారేండ్లకు పిలుపు వచ్చెను! శిక్షకుడు కుహారిచ్ 1981లోనే పోయియుండెను.

ఇక మన సంగతి. ఈ సభలోని పోషకులలో పలువురి సంతానము నేడు కాలిఫోర్నియాలోను టెక్సాసులోను ఉద్యోగములు చేయుచున్నారు. వారు పంపిన విరాళముల పట్టిక ఈ సంచికయందే కలదు. ఆ దేశపు తలుపు వారికెట్లు తెరువబడినదో ఎరుగుదుము గాక. 1923లో భగత్ సింగ్ థిండ్ అను పంజాబువాడు, తాను ఉన్నతకులమువాడను, ఆర్యుడను, కావున తెల్లవారిలో చేర్చి పౌరసత్వ మీయుడని అక్కడి సర్వోన్నత న్యాయస్థానమున వాదించెను. న్యాయస్థానము త్రోసివేసెను. కులము చూపి తలుపు తట్టినవానికి జాతి చూపి తలుపు మూసిరి. మాట్సన్ పరుగెత్తిన 1951లో మన దేశమునుండి వలసపోదగినవారు ఏడాదికి నూరుగురు మాత్రమే. 1965లో, నల్లజాతివారి హక్కుల పోరాటము ఫలించుచున్న దినములలో, ఆ లెక్కలను తీసివేసి క్రొత్త వలసశాసనము చేసిరి. మన పిల్లలు విమానమెక్కినది ఆ శాసనము తెరచిన త్రోవను. త్రోవ చేసినవారెవరో, గాయములెవరివో, నేను వేరుగ చెప్పనక్కరలేదు.

మన విద్యార్థి వసతిగృహమును పెద్దలు కట్టించినది, పట్టణమున మన బాలురకు అద్దె గది దొరకని దినములలో. అది న్యాయమైన పని. వారి విగ్రహములకు నేడు ఉదయము మాలలు వేసితిమి. ఇప్పుడు ఆ గృహములో రుసుము చెల్లించి యుండు ఇతరకులముల బాలురు కొందరు కలరు. మన వాలీబాలు జట్టులో ఇద్దరు వారిలోనివారే. క్రొత్తగ వ్రాసిన క్రీడల నియమావళియందు, మహాసభ బహుమానమునకు ఆడు జట్టులో "మన కులమునకు చెందిన విద్యార్థులు మాత్రమే" యుండవలెనని అయిదవ నియమము చెప్పుచున్నది. ధనము మనది, బహుమానము మన బాలురకే చెందనిమ్మని కొందరు మిత్రులు నాతో నిన్న వాదించిరి. ఉపకారవేతనముల విషయమున ఆ వాదమును నేను కాదనను; పేదబాలునికై ఇచ్చిన ధనమును దాత చెప్పినట్లే ఈయవలెను. జట్టు వేరు. ఏడాదిపాటు కలసి ఆడినవారిలో ఇద్దరిని బహుమానపు దినమున గట్టున కూర్చుండబెట్టుటకు దాతల యాజ్ఞ ఏదియు లేదు. మనమే క్రొత్తగ కల్పించుకొనుచున్నాము.

ఆ అయిదు పదములను తీసివేసి "వసతిగృహ విద్యార్థులు" అని వ్రాయవలెనని నేను కార్యదర్శులవారికి సవరణ నిచ్చియున్నాను. భోజనానంతరము రెండు గంటలకు అది చర్చకు వచ్చును. ఆ సమయమున వాలీబాలు జట్టు బాలురందరిని, ఆ యిద్దరిని గూడ, సభలో కూర్చుండనిండని అధ్యక్షులవారిని ప్రార్థించుచున్నాను.